టోపీలక్కా, పెద్దాయనా

ఆ గుర్రపు స్వారీ బడిలో టోపీలక్క కూర్చోగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. హెల్మెట్ల గదిలో ఆమెకంటూ ఒక కుర్చీ ఉంది. దాని మీద ఎప్పుడూ ఏదో ఒక హెల్మెట్ ఆరుతూ ఉంటుంది. ఆమె మాత్రం కాలుగాలిన పిల్లిలా అరల మధ్య తిరుగుతుంది. ఒక పట్టీ లాగి చూస్తుంది, ఒక క్లిప్పు నొక్కి చూస్తుంది. టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్తుంది. అవతల ఎవరో హెల్మెట్ వెనక్కి తోసి పెట్టుకున్నట్టు కనిపిస్తే గ్లాసు అక్కడే పెట్టేసి పరుగెడుతుంది. సాయంత్రమయ్యేసరికి కిటికీ గట్టు మీద ఒకటి, నీళ్ళ తొట్టి అంచున ఒకటి, కంచె స్తంభం మీద ఒకటి, సగం తాగిన గ్లాసులు. "అక్క ఎటు పోయిందో వెతకక్కర్లేదు, గ్లాసులు పట్టుకుని పోతే చాలు" అని గుర్రాలు తోమేవాళ్ళు నవ్వుకుంటారు.

పెళ్ళికి ముందు ఆమె బడిపిల్లల టోపీలు కుట్టే కార్ఖానాలో పనిచేసింది. తర్వాత అది మూతపడింది. తమ్ముడు ఈ స్వారీ బడిలో పాఠం చెప్పే మాస్టరు. జీను కింద వేసే బట్టలు కుట్టడానికి అక్కను తీసుకొచ్చాడు. హెల్మెట్ల సంగతి చూసేవాళ్ళు లేక ఆ గది కూడా ఆమె మీదే పడింది. వచ్చింది కుట్టుపనికి, నిలిచింది తలల పనికి.

ఆమె లెక్కలో మనుషులు రెండు రకాలు. గుండ్రటి తలలవాళ్ళు, కోల తలలవాళ్ళు. కోలతలకు గుండ్రటి హెల్మెట్ పెడితే కుండ మీద మూతలా అటూఇటూ తిరుగుతుంది. గుండ్రటి తలకు కోలది పెడితే కణతల దగ్గర కరుస్తుంది, ముందూ వెనకా ఖాళీ మిగులుతుంది. చుట్టుకొలత ఒకటే అయినా ఒకరిది ఒకరికి పట్టదు. ఈ సంగతి తలకెక్కిన దగ్గర్నుంచీ ఆమెకు బస్సులో కూడా మనశ్శాంతి లేదు. ముందు సీట్లో ఉన్న తలల్ని కొలుస్తూ కూర్చుంటుంది. ఒకసారి దిగిపోతూ ఎవరో పెద్దమనిషితో "మీ అబ్బాయికి అచ్చం మీ తలే వచ్చిందండీ" అనేసింది. పాపం, ఆయన దిగాల్సిన చోట దిగకుండా తల తడుముకుంటూ ఉండిపోయాడు.

గదిలోకి కొత్తవాళ్ళొస్తే ఆమె చేతుల్లోంచి అంత తేలిగ్గా బయటపడరు. మొన్నీమధ్యే చేరిన పళ్ళ డాక్టరు గారికి అదే అయింది.

"కనుబొమల పైన రెండు వేళ్ళు వదిలి టేపు పెట్టాను, కదలకండి. ఆఁ, ఇదిగో, పెట్టుకోండి. పట్టీ బిగించకండి ఇంకా. తల ఊపండి."

"అవునని ఊపనా, కాదని ఊపనా?"

"రెండూ ఊపండి. ముందు కాదని."

డాక్టరు కాదని ఊపాడు. హెల్మెట్ ఒక దారి, తల ఒక దారి పట్టాయి.

"ఇది మీది కాదు. నుదుటి చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి. తీసేయండి."

నాలుగోదో అయిదోదో కుదిరింది. అయినా వదలలేదు. గడ్డం కింద పట్టీలో వేలు దూర్చి చూసింది. చెవుల కింద పట్టీలు సమంగా వచ్చాయో లేదో చూసింది. అది పెట్టుకునే కాసేపు ఆ గదిలో నిలబడమంది. తీశాక నుదుటి మీద ఎర్రటి మచ్చ పడిందేమోనని వెలుతురులోకి తిప్పి చూసింది.

"నోరు తెరవండి అని నేనంటే కూడా జనం ఇంత బెదరరండీ" అన్నాడు డాక్టరు.

"మీ దగ్గర పన్ను పోతే ఇంకో పన్ను పెడతారు. నా దగ్గర అట్లా కుదరదుగా" అంది టోపీలక్క. అప్పటికే పక్క అరలోని హెల్మెట్ పట్టీ లాగి చూస్తోంది.

ఇంత పట్టుదల మనిషికీ ఒక మినహాయింపు ఉంది. దాని పేరు పెద్దాయన.

పెద్దాయన ఒక నల్ల హెల్మెట్. మాస్టరుది. చాలా ఏళ్ళ కిందట ఒక గుర్రం అడ్డుకర్ర ముందు ఠక్కున ఆగిపోతే, మాస్టరు దాని మెడ మీదుగా ఎగిరి వెళ్ళి నీళ్ళ తొట్టి రాతి అంచుకు తల కొట్టుకున్నాడు. చూసినవాళ్ళు అయిపోయిందనుకున్నారు. ఆయన మట్టి దులుపుకుని లేచాడు. హెల్మెట్‌కి ఎడమపక్క గీత పడింది, తలకు బొప్పి కూడా కట్టలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక పిల్ల మొదటిసారి గుర్రంతో కర్ర దూకించడానికి భయపడి ఏడుస్తుంటే మాస్టరు దాన్ని ఆ పిల్ల తలకు పెట్టి, "ఇది నన్ను కాపాడింది, నిన్నూ కాపాడుతుంది, పో" అన్నాడు. పిల్ల దూకించింది. అదే ఆనవాయితీ అయిపోయింది. ఎవరు మొదటిసారి కర్ర దూకించినా పెద్దాయన్నే పెట్టుకోవాలి. ఏడాదికోసారి మాస్టరు గీత కనబడకుండా దానికి నల్ల రంగు వేస్తాడు. తల పట్టనివాళ్ళకి టోపీలక్క ముందో వెనకో చేతిరుమాలు మడిచి పెడుతుంది. ఒక్కసారి దూకించడమే కదా అని.

అయితే ఆమె మనసు ఒప్పుకుని చేసే పని కాదది. ఒకసారి కింద పడిన వేరే హెల్మెట్‌ను ఆమె గరిటె కాడతో విప్పి చూసింది. పైన చిన్న గీతే. లోపల థర్మకోల్ లాంటి దిమ్మ మాత్రం బొటనవేలితో నొక్కినట్టు అణిగిపోయి ఉంది. మళ్ళీ పైకి లేవలేదు. ఆ వేళే తమ్ముడికి చూపించింది.

"నువ్వు హెల్మెట్లకి పోస్టుమార్టం కూడా మొదలుపెట్టావా అక్కా?" అని నవ్వాడు తమ్ముడు.

"ఒరేయ్, నీ పెద్దాయన కూడా లోపల ఇట్లాగే ఉంటాడ్రా."

"ఆయన్ని విప్పితే నన్ను విప్పినట్టే. ముట్టుకోకు."

చెప్పింది, విసుక్కుంది, మళ్ళీ చెప్పింది. చివరికి చేతిరుమాలు మడవడం అలవాటైపోయింది.

ఇప్పుడు వచ్చే ఆదివారం మొదటిసారి కర్ర దూకించబోయేవాళ్ళు ఇద్దరు. ఒకరు పళ్ళ డాక్టరు. రెండోది టోపీలక్క కూతురు.

కూతుర్ని ఇంట్లోనూ బడిలోనూ అందరూ పిచ్చుక అంటారు. కాలేజీకి వెళ్ళే వయసొచ్చినా ఆ పేరు పోలేదు. మేనమామంటే దానికి ప్రాణం. నడక కూడా ఆయనదే. తల సరేసరి, టోపీలక్క పుట్టింటి కోలతల, ముందుకీ వెనక్కీ సాగిన తల. అది పుట్టిన రోజే చూసి ఆమె తమ్ముడితో అంది, "నీ తలేరా" అని. అప్పుడది సంతోషంగా అన్న మాట. ఇప్పుడదే ఆమె పాలిట ముల్లయింది. పెద్దాయన దానికి చేయించినట్టు సరిపోతుంది. పట్టలేదు అని తప్పించడానికి వీల్లేదు.

ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచీ టోపీలక్కకు ముద్ద దిగలేదు. గదిలో ఉన్న కోల హెల్మెట్లన్నీ కూతురి తల మీద పెట్టి చూసింది. ఒకటి వదులు. ఒకటి నుదుటి మీద మచ్చ వేసింది. ఒకటి అంతా బాగుందనిపించి, జడ కిందికి దించి కట్టుకుని పెట్టుకోమనేసరికి వెనక్కి లేచింది.

"అమ్మా, ఇవన్నీ ఎందుకు? ఆదివారం పెద్దాయన ఉన్నాడుగా!"

"ఊరికే చూస్తున్నాలే."

"నువ్వు ఊరికే ఏదీ చూడవు."

మర్నాడు సెలవు పెట్టి ఊరంతా తిరిగింది. ఆటసామాన్ల దుకాణాల వీధిలో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎక్కని మెట్టు లేదు. ఒకచోట సైకిలు హెల్మెట్ చూపించి "అన్నీ ఒకటేనమ్మా" అన్నాడు దుకాణదారు. "తలలన్నీ ఒకటైతే అన్నీ ఒకటే" అని దిగొచ్చేసింది. ఒకచోట గాజు అద్దం వెనక ఎండలో పెట్టి అమ్ముతున్నారు. అది చూసి దానికేదో జ్వరమొచ్చినట్టు బాధపడింది. ఆఖరికి సందు చివర ఒక ఇరుకు కొట్లో, పై అరలో, అట్టపెట్టెలో దొరికింది. కొత్తది. కోలది. చేతిలో పట్టుకోగానే తెలిసిపోయింది, ఇది దాని తలేనని. రంగొక్కటే బాగాలేదు. ఎండిన బురదలో పసుపు కలిపినట్టుంది. అందుకే ఎవరూ కొనలేదని కొట్టాయన నిజాయితీగా చెప్పేశాడు.

ఇంటికి తెచ్చి కూతురి తలకు పెట్టింది. తల ఊపమంది. నుదురూ, కనుబొమలూ, హెల్మెట్టూ కలిసి ఊగాయి. పట్టీ బిగించింది. కాసేపుంచి తీసింది. మచ్చ లేదు. ఆమె మొహం వెలిగింది.

పిచ్చుక అద్దం దగ్గరికెళ్ళి చూసుకుంది. "గుమ్మడికాయలా ఉన్నాను."

"గుమ్మడికాయకేం, దిట్టంగా ఉంటుంది."

"అమ్మా, అందరూ పెద్దాయన్ని పెట్టుకుని దూకుతారు. నేను మాస్టరు మేనకోడల్ని. నేనొక్కదాన్నే ఈ గుమ్మడికాయ పెట్టుకుని వెళ్తే మావయ్య మొహం ఎట్లా చూడను? నా పరువు తీయకు." అట్టపెట్టె మూత వేసి పక్కకు తోసేసింది.

గడియారాలు బాగుచేసే భర్త, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే అన్నాడు, "దాని తల మీద ఏ హెల్మెట్ కన్నా నీ బెంగే బరువెక్కువగా ఉంది."

"మీరు చిన్న ముల్లు కదలకపోతే పొద్దస్తమానం కూర్చుంటారు. నేను కదలకుండా ఎట్లా కూర్చోను?"

ఒక దారి ఉంది. అది ఆమెకు దుకాణాల వీధి నుంచి తిరిగొస్తూ బస్సులోనే తోచింది. ఆదివారం పెద్దాయన్ని కూతురి తలకు పెట్టి, ఒకసారి కదిలించి, "వదులుగా ఉంది" అంటే చాలు. ఆ మాట ఆమె అంటే ఆ బడిలో ఎదురుండదు. మాస్టరైనా నోరెత్తడు. రుమాలు పెడదామంటే, కూతురికి రుమాలు పెట్టనంటుంది. అంతే. కానీ ఇన్నేళ్ళలో సరిపోయిన దాన్ని సరిపోలేదని ఆమె ఎప్పుడూ అనలేదు. తనకున్న విలువంతా ఆ ఒక్క మాటలోనే. అది ఒకసారి అబద్ధమైతే రేపు ఇంకొకరికి "తీసేయండి" అన్నప్పుడు తనకే నమ్మకం ఉండదు. అనాలా, మానాలా? ఆదివారం పొద్దున అట్టపెట్టె చంకన పెట్టుకుని బయల్దేరింది. సందు చివరిదాకా వెళ్ళి, తాళం వేశానో లేదోనని వెనక్కొచ్చి, భర్త ఇంట్లోనే ఉన్నాడని గుర్తొచ్చి మళ్ళీ బయల్దేరింది.

మైదానం చుట్టూ కంచె పట్టుకుని జనం. అందరూ ఏదో ఒక ఏడు పెద్దాయన్ని పెట్టుకున్నవాళ్ళే. మధ్యలో కర్రలు ఇటొకటి అటొకటి వాలుగా అమర్చి ఉన్నాయి. నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్క అనే ఆడగుర్రం తోక విసురుకుంటూ నిలబడింది. మాస్టరు పెద్దాయన్ని రెండు చేతుల్లో పట్టుకొచ్చాడు. రంగు కొత్తగా వేసినట్టుంది, తళతళలాడుతోంది.

"అక్కా, పెట్టు దీనికి."

టోపీలక్క పెట్టింది. పిచ్చుక కళ్ళు మూసుకుని, గడ్డం ఎత్తి నిలబడింది. ఆమె వేళ్ళు అలవాటు కొద్దీ వాటి పని అవి చేసుకుపోయాయి. నుదురు కదిలింది. ఖాళీ ఎక్కడా లేదు. జనం ఆమె వైపే చూస్తున్నారు. వదులుగా ఉంది, అన్న మాట నాలుక మీదికొచ్చి కూర్చుంది.

"సరిగ్గా సరిపోయింది" అంది.

కంచె దగ్గర చప్పట్లు. పిచ్చుక కళ్ళు తెరిచి నవ్వింది.

"అయినా దీంతో దూకనివ్వను" అని టోపీలక్క పట్టీ విప్పేసింది.

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పిచ్చుక మొహంలో రక్తం లేదు. "అమ్మా!"

"ఏంటక్కా ఇది?" మాస్టరు గొంతు తగ్గించాడు. "అందరూ చూస్తున్నారు."

పదిమందిలో ఆమె ఎప్పుడూ తమ్ముణ్ణి మాస్టారూ అనే పిలిచేది. ఆ వేళ ఆ సంగతి గుర్తే లేదు. "ఒరేయ్, అది పడ్డ హెల్మెట్‌రా. పడ్డది మళ్ళీ పనికిరాదు."

"అది పడబట్టే నేను బతికాను!"

"అవును. ఆ పని అది ఒక్కసారే చేస్తుంది. నీ తలకి చేసేసింది. లోపల అణగాల్సింది అణిగిపోయింది. ఇంక అణగడానికి ఏముంది అందులో, నువ్వేసిన రంగు తప్ప?"

"ఇన్నాళ్ళూ ఇంతమందికి నీ చేత్తోనే పెట్టావుగా? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"కాలేదు. వాళ్ళెవరూ పడలేదు కాబట్టి."

అప్పటిదాకా వెనక తన వంతు కోసం నిలబడ్డ పళ్ళ డాక్టరు మెల్లగా ముందుకొచ్చాడు. ఆయన మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అడిగాడు. "అయితే నాకు? నాకు పెట్టొచ్చాండీ అది?"

టోపీలక్క చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడ దోపుకున్న చేతిరుమాలు ఉంది. పొద్దున్నే, డాక్టరుది గుండ్రటి తల, ముందు ఖాళీ వస్తుందని, తనే మడిచి పెట్టుకుంది. కూతురి గురించి అంత గింజుకున్న మనిషి, ఆ రుమాలు మడిచేటప్పుడు మాత్రం ఏమీ ఆలోచించలేదు. కంచె పట్టుకున్నవాళ్ళ తలలు ఒక్కొక్కటీ గుర్తుపట్టగలదు. ఏ తలకు రుమాలు ముందు పెట్టిందో, ఏ తలకు వెనక పెట్టిందో కూడా.

"పెట్టకూడదండీ" అంది. "ఎవరికీ పెట్టకూడదు. ఇన్నాళ్ళూ పెట్టాను. ఇంక పెట్టను."

మాస్టరు మొహం కందిపోయింది. "సరే. నేను పెట్టుకోవచ్చుగా? నా తల, నా హెల్మెట్." పెద్దాయన్ని పిచ్చుక తల మీంచి లాక్కుని తన తలకు పెట్టుకున్నాడు. కోపంలో క్లిప్పు పడలేదు. ఆమె చేతులు తమంతట తామే ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కెళ్ళిపోయాయి. చివరికి ఆయనే ఎట్లాగో బిగించుకుని చుక్క మీదికెక్కాడు.

"ఒరేయ్, దిగరా."

ఆయన దిగలేదు. మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పి, కొత్తవాళ్ళ కర్రలు వదిలేసి, అవతల చేయి తిరిగినవాళ్ళ కోసం పెట్టిన ఎత్తు కర్ర వైపు గుర్రాన్ని మళ్ళించాడు. డెక్కల చప్పుడు దగ్గరవుతోంది. టోపీలక్కకు కర్ర కనబడడం లేదు, గుర్రం కనబడడం లేదు. తమ్ముడి తలొక్కటే గాలిలో కిందికీ పైకీ ఊగుతూ కనబడుతోంది. చిన్నప్పుడు తను చంకనేసుకుని తిప్పిన తల. చుక్క లేచింది. ఎంతసేపు గాలిలో ఉందో ఏమో. అవతల కాళ్ళానించింది. జనం ఈలలు వేశారు.

మాస్టరు గుర్రాన్ని ఆమె ముందుకు తెచ్చి ఆపాడు. "చూశావా?"

"చూశాను."

"ఏమైంది?"

"ఏం కాలేదు."

"మరి?"

"నువ్వు పడలేదు. అంతే."

ఆయన గుర్రం దిగాడు. ఒప్పుకున్నాడని కాదు. ఒప్పుకోలేదు. పట్టీ విప్పి పెద్దాయన్ని చంకలో పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

"అమ్మా, చెయ్యి వదులు. నొప్పి పుడుతోంది" అంది పిచ్చుక.

టోపీలక్క కిందికి చూసుకుంది. కూతురి మణికట్టు ఎప్పుడు పట్టుకుందో తెలియదు. గోళ్ళు దిగి ఎర్రటి చంద్రవంకలు పడ్డాయి. వదిలేసింది. పిచ్చుక మణికట్టు రుద్దుకుంటూ తల్లి మొహాన్నీ, మావయ్య వీపునూ మార్చి మార్చి చూసింది.

"మావయ్య దూకుతుంటేనే ఇట్లా అయిపోయావు. నేను దాంతో దూకితే నువ్వుంటావా?" అంది విసురుగా. "తే. ఆ గుమ్మడికాయ తే. థర్మకోలో ఏదో నాకు తెలీదు. నువ్విట్లా నిలబడితే మాత్రం నేను దూకలేను."

కంచె దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. పిచ్చుక చెవులు ఎర్రబడ్డాయి, కానీ తల వంచలేదు. టోపీలక్క అట్టపెట్టె విప్పి హెల్మెట్ పెట్టింది. జడ కిందికి దించింది. చెవుల కింద సర్దింది. పట్టీలో వేలు దూర్చి చూసింది, మళ్ళీ చూసింది, మూడోసారి చూడబోతే కూతురు ఆ వేలు పట్టుకుని బయటికి తీసేసింది. మాస్టరు కాసేపటికి ఇటు తిరిగాడు. అక్కతో మాట్లాడకుండానే మేనకోడల్ని గుర్రమెక్కించి, మడమలు కిందికి పెట్టమని చెప్పాడు.

పిచ్చుక దూకించింది. ఒక కర్ర చుక్క వెనక కాలికి తగిలి దడాలున కింద పడింది, అంతే. జీనులో ఒకపక్కకు ఒరిగి, జూలు పట్టుకుని సర్దుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దాయన ఉన్నా ఏమీ అయ్యేది కాదేమో. ఆ మాట టోపీలక్కకూ తోచింది. తోచినా ఆమె కళ్ళు కూతురి గడ్డం కింది క్లిప్పు మీదే ఉన్నాయి.

"దూకించానమ్మా! అమ్మా, దూకించాను!" పిచ్చుక గుర్రం మీంచి జారి, పరుగెత్తుకుంటూనే క్లిప్పు ఊడదీసి, హెల్మెట్‌ను బలమంతా పెట్టి గాలిలోకి ఎగరేసింది. వచ్చి తల్లి మెడకు చుట్టుకుంది. హెల్మెట్ పైకి, ఇంకా పైకి వెళ్ళి, రాళ్ళు పరిచిన దారి మీద ఠప్పున పడి, దొర్లుకుంటూ వచ్చింది.

టోపీలక్క ఒక చేత్తో కూతుర్ని గట్టిగా హత్తుకుంది. కాలు చాపి ఆ హెల్మెట్‌ను ఆపింది. కూతురి భుజం మీంచి దాన్నే చూస్తూ, "ఎంత బాగా దూకించావే తల్లీ" అంటూనే, రేపు ఆ దుకాణాల వీధిలో ఏ కొట్టు పొద్దున్నే తీస్తారా అని ఆలోచించడం మొదలుపెట్టింది.